లాగోస్‌లో మంచి డబ్బిచ్చే ఇంటర్న్‌షిప్: ఆ పేరుతో వెతికితే దొరకదు

ప్రశ్న: మాది తణుకు దగ్గర పల్లె. ఆరేళ్ళుగా నైజీరియాలోని లాగోస్‌లో, ఇకేజా వైపు ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ మేనేజర్‌గా చేస్తున్నాను. మా స్టోర్స్‌లో పనిచేసే పెద్దాయన కూతురు లాగోస్ యూనివర్సిటీలో అకౌంటింగ్ చదివి సెకండ్ క్లాస్ అప్పర్‌లో పాసయింది. వయసు 24. ఇప్పుడు ఎన్‌వైఎస్‌సీ సర్వీసులో, అంటే డిగ్రీ అయ్యాక చేయవలసిన ఏడాది జాతీయ సేవలో, అబెయోకుటాలో ఒక స్కూల్లో పాఠాలు చెబుతోంది. ఇంకా ఎనిమిది నెలలుంది. “మీరు పెద్ద పోస్టులో ఉన్నారు కదా సార్, మా అమ్మాయికి మంచి డబ్బిచ్చే ఇంటర్న్‌షిప్ ఏదైనా చూడండి” అని ఆయన అడిగితే మొహమాటానికి సరేనన్నాను. ఇప్పుడు రోజూ గేటు దగ్గర ఎదురుపడుతున్నాడు! ఆమె ముందు మూడు దారులున్నాయట. విక్టోరియా ఐలాండ్‌లో ఒక చిన్న ఆడిట్ ఆఫీసు సర్వీసు అయ్యాక నెలకు 50,000 నైరాలకు ఇంటర్న్‌గా తీసుకుంటానంది. ఒక ఏజెన్సీ 35,000 కడితే నెలకు మూడు లక్షలొచ్చే ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తానంటోంది. మూడోది, ఇంట్లో కూర్చుని విదేశీ కంపెనీలకు చేసే ఇంటర్న్‌షిప్. కంప్యూటర్ సైన్స్ చదువుతున్న తమ్ముడు దీని గురించి చెబుతున్నాడట. ఏం చెప్పమంటారు?

సమాధానం:

ఆ 35,000 ఇంకా కట్టకపోతే, ఇది చదవడం ఆపి ముందు ఆ పెద్దాయనకు ఫోన్ చేయండి. కట్టవద్దనండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

నేను లాగోస్‌లో పన్నెండేళ్ళు ఒక ఆహార పదార్థాల కంపెనీలో హెచ్ఆర్ చూశాను. ఉద్యోగం ఇచ్చేవాడు ఉద్యోగం కోసం వచ్చినవాడి దగ్గర డబ్బు తీసుకున్నాడంటే అక్కడ ఉద్యోగం లేదని అర్థం. ఆ పన్నెండేళ్ళలో దీనికి ఒక్క మినహాయింపు కూడా నాకు కనబడలేదు. ఫారానికని, శిక్షణకని, మెడికల్‌కని, యూనిఫాంకని రకరకాల పేర్లు పెడతారు. కొన్నిచోట్ల ఇంటర్వ్యూకి రమ్మని ఎస్సెమ్మెస్ వస్తుంది. వెళితే ఒక హాలులో వందమందిని కూర్చోబెట్టి గొలుసుకట్టు అమ్మకాల గురించి ఉపన్యాసమిస్తారు. నిరుద్యోగుల దగ్గర రుసుము తీసుకోవడం ఆ దేశంలో ప్రైవేటు మోసగాళ్ళే చేశారని కూడా అనలేం. 2014 మార్చి 15న ఇమిగ్రేషన్ శాఖ నియామక పరీక్షకు ఒక్కొక్కరి దగ్గర 1,000 నైరాలు వసూలు చేసి లక్షలమందిని స్టేడియాలకు రమ్మన్నారు. తొక్కిసలాటలో పదిహేను మందికి తగ్గకుండా చనిపోయారు. అబూజా నేషనల్ స్టేడియం గేట్ల దగ్గర చెల్లాచెదురుగా పడి ఉన్న చెప్పుల ఫొటోలు చూసిన రోజు మా ఆఫీసులో ఎవరూ సరిగ్గా పనిచేయలేదు.

ఇక అసలు సంగతి. ఆ అమ్మాయి, వాళ్ళ నాన్న, ఇప్పుడు మీరు కూడా వెతుకుతున్న మాటలోనే తేడా ఉంది. నైజీరియాలో డిగ్రీ అయినవాళ్ళకు ‘ఇంటర్న్‌షిప్’ అనే పేరుతో దొరికేది చాలావరకు చౌక బేరమే. బస్సు ఛార్జీలు చేతిలో పెట్టి ఆరు నెలలు పని చేయించుకునే ఏర్పాటు అది. మంచి డబ్బిచ్చే తలుపులు అక్కడా ఉన్నాయి, కానీ వాటి మీద వేరే పేర్లు రాసి ఉంటాయి. ఒకటి ఎన్‌వైఎస్‌సీ ఏడాదిలో దొరికే పోస్టింగు. రెండోది ‘గ్రాడ్యుయేట్ ట్రెయినీ’. చదువుకుంటూ ఉన్నప్పుడు చేసేదాన్ని అక్కడ పిల్లలు ‘ఐటీ’ అంటారు. మనం అనుకునే ఐటీ కాదు, ఇండస్ట్రియల్ ట్రెయినింగ్. ఈ అమ్మాయి ఆ దశ దాటిపోయింది.

మీకు తెలిసిందే అయినా ఇక్కడి పాఠకుల కోసం ఒక మాట. అంతర్యుద్ధం 1970లో ముగిశాక, ఒక ప్రాంతం పిల్లలు ఇంకో ప్రాంతాన్ని చూడాలని 1973లో ఎన్‌వైఎస్‌సీ పెట్టారు. ముప్పై ఏళ్ళలోపు డిగ్రీ అయినవాళ్ళు ఒక ఏడాది దేశానికి సేవ చేయాలి. మూడు వారాలు క్యాంపు, తర్వాత ఏదో ఒక సంస్థలో పోస్టింగు. దాన్ని ‘పీపీఏ’ అంటారు. ప్రభుత్వం ఇచ్చే నెల భత్యాన్ని పిల్లలు ముద్దుగా ‘అలవీ’ అంటారు. చాలాకాలం 33,000 నైరాలుండేది, 2024లో కనీస వేతనం 70,000 చేశాక దీన్ని 77,000కు పెంచారు. ఏడాది చివర ఇచ్చే డిశ్చార్జ్ సర్టిఫికెట్ లేకపోతే చెప్పుకోదగ్గ కంపెనీ ఏదీ గడప ఎక్కనివ్వదు. ఆర్థికమంత్రి కెమి అడియోసున్ 2018లో పదవి వదులుకోవలసి వచ్చింది ఈ ఎన్‌వైఎస్‌సీ మినహాయింపు పత్రం నకిలీదన్న ఆరోపణ మీదే. ఆమె విషయంలో ఆ సర్వీసే అవసరం లేదని 2021లో కోర్టు అంది, కానీ పోయిన పదవి తిరిగి రాలేదు. కాబట్టి ఆ అమ్మాయికి గట్టిగా చెప్పండి: స్కూల్లో హెడ్‌మాస్టర్‌తో మాట్లాడుకుని పేరు అక్కడ, మనిషి లాగోస్‌లో ఉండే పని పెట్టుకోవద్దు. ‘ఘోస్ట్ కార్పర్’ అంటారు దాన్ని. కార్పర్ అంటే ఎన్‌వైఎస్‌సీ సర్వీసులో ఉన్నవాళ్ళు. చాలామంది చేస్తారు. పట్టుబడితే సర్వీసు పొడిగిస్తారు, సర్టిఫికెట్ చేతికి రావడం ఆలస్యమవుతుంది.

అయితే ఎనిమిది నెలలూ అబెయోకుటాలో పాఠాలు చెబుతూ కూర్చోమని నేననను. అబెయోకుటా ఓగున్ రాష్ట్ర రాజధాని. అగ్బారా, ఓటా పారిశ్రామిక వాడలు కూడా ఓగున్ రాష్ట్రంలోవే. లాగోస్‌ను ఆనుకుని ఉంటాయి కాబట్టి అందరూ వాటిని లాగోస్ అనుకుంటారు. వేరే రాష్ట్రానికి మార్చమంటే పెళ్ళి, అనారోగ్యం లాంటి కారణం చూపించాలి. అదే రాష్ట్రంలో పీపీఏ మార్చుకోవడం అంత కష్టం కాదు. ఇప్పుడున్న స్కూలు వదులుతామని ఉత్తరం ఇవ్వాలి, తీసుకునే కంపెనీ ఫలానా కార్పర్ మాకు కావాలని కోరుతూ ఉత్తరం ఇవ్వాలి, రాష్ట్ర కోఆర్డినేటర్ ఆఫీసు ఒప్పుకోవాలి. ఏ రంగానికి పంపుతారన్నది అప్పుడప్పుడు మారుస్తుంటారు కాబట్టి ముందు తన లోకల్ గవర్నమెంట్ ఇన్‌స్పెక్టర్‌నే అడగమనండి. ఆ ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోకపోతే ఆ పని జరగదు, ఒప్పుకుంటే మాత్రం సగం అయిపోయినట్టే. ఫ్యాక్టరీ అకౌంట్స్ విభాగంలో పడితే అలవీ ఎటూ వస్తుంది, దాని మీద కంపెనీ తన వంతు ఇస్తుంది. ఆ వంతు ఒక్కోచోట అలవీకన్నా ఎక్కువ. మా కంపెనీలో కార్పర్లకు మధ్యాహ్నం భోజనం, స్టాఫ్ బస్సు కూడా ఉండేవి. లాగోస్ చుట్టుపక్కల బతికేవాళ్ళకు స్టాఫ్ బస్సు జీతంలో సగం లాంటిది.

ఇప్పుడు ఆ 50,000 ఆఫీసు సంగతి చూద్దాం. వాళ్ళ ఇల్లు ఎక్కడో మీరు రాయలేదు. స్టోర్స్ ఉద్యోగి కుటుంబం కాబట్టి మెయిన్‌లాండ్ లోపలెక్కడో, ఇకొరొడు వైపో అలగ్బాడో వైపో అనుకుంటాను. అక్కణ్ణుంచి ఐలాండ్‌కు పొద్దున ఒక డాన్‌ఫో, అంటే అక్కడి మినీబస్సు, మధ్యలో ఇంకోటి, థర్డ్ మెయిన్‌లాండ్ బ్రిడ్జి మీద గంటల తరబడి ఇరుక్కోవడం, సాయంత్రం మళ్ళీ అదే. 2023 మే నెలలో పెట్రోలు సబ్సిడీ ఎత్తేశాక ఛార్జీలు ఎలా పెరిగాయో మీకు నేను చెప్పక్కర్లేదు. రానూపోనూ రోజుకు 2,500 అనుకోండి. ఇరవైరెండు రోజులకు 55,000. అంటే ఆ అమ్మాయి నెలకు అయిదు వేలు ఎదురు పెట్టి ఆడిట్ ఆఫీసుకు పనిచేస్తుంది, మధ్యాహ్నం ‘గారి’ (కర్రపెండలం రవ్వ) తినడానికి డబ్బు వేరే. దీనికి ఇంటర్న్‌షిప్ అని పేరు. నా దృష్టిలో మంచి డబ్బు అంటే పెద్ద అంకె కాదు, బస్సూ బువ్వా పోగా చేతిలో మిగిలేది. ఓటాలో 60,000 ఇచ్చి బస్సు పెట్టినవాడు ఐలాండ్‌లో లక్ష ఇచ్చినవాడికన్నా నయం.

అయినా ఆ ఆఫీసుకు మొహం మీద వద్దనమనను. వారంలో మూడు రోజులే వస్తాను, రవాణా ఖర్చు విడిగా ఇవ్వండి, నాతో సొంతంగా ఒక క్లయింట్ పద్దులు చేయించండి అని అడగమనండి. చిన్న ఆడిట్ ఆఫీసులు ఆడపిల్ల బేరమాడితే ఆశ్చర్యపోతాయి కానీ, పని వచ్చిన పిల్ల అయితే ఒప్పుకుంటాయి. ఒప్పుకోకపోతే పోయిందేమీ లేదు.

రెండో తలుపు గ్రాడ్యుయేట్ ట్రెయినీ. అకౌంటింగ్ పిల్లకు అసలైన దారి ఇదే. కేపీఎంజీ, పీడబ్ల్యూసీ, డెలాయిట్, ఈవై, పెద్ద బ్యాంకులు, ఎంటీఎన్ లాంటి టెలికాం కంపెనీలు, యూనిలీవర్, నెస్లే లాంటి సరుకుల కంపెనీలు సర్వీసు పూర్తయినవాళ్ళను ఇలా తీసుకుంటాయి. ఇక్కడ డబ్బు అలవీతో పోల్చదగ్గది కాదు. కానీ అడ్డుగోడలు మూడున్నాయి. సెకండ్ క్లాస్ అప్పర్ కావాలి, అది ఆమెకుంది. స్కూలు చివరి పరీక్షలో, అంటే వాయెక్‌లో, ఇంగ్లీషు, లెక్కలు కలిపి అయిదు క్రెడిట్లు కావాలి. కొన్ని కంపెనీలు అవన్నీ ఒకే ప్రయత్నంలో వచ్చి ఉండాలంటాయి. ఇది ముందే అడిగి తెలుసుకోండి, చాలామంది మంచి పిల్లలు ఈ గోడ దగ్గరే ఆగిపోతారు.

మూడోది వయసు. ప్రకటనల్లో చాలాచోట్ల 26 దాటకూడదని రాస్తారు. ఈ షరతు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. యూనివర్సిటీ అధ్యాపకుల సంఘం 2020లో దాదాపు తొమ్మిది నెలలు, 2022లో ఎనిమిది నెలలు సమ్మె చేసింది. నాలుగేళ్ళ డిగ్రీ ఆరేళ్ళయింది. తప్పు పిల్లలది కాదు, శిక్ష మాత్రం వాళ్ళకే. ఆ ప్రకటనలు రాసిన కుర్చీలో నేనూ కూర్చున్నాను, ఆ 26ను 28 చేయించడానికి మా కంపెనీలో నాకు రెండేళ్ళు పట్టింది. ఈ అమ్మాయికి 24 కాబట్టి ఇంకా సమయముంది, కానీ ఎక్కువ లేదు. సర్వీసు అయ్యాక ‘కాస్త ఊపిరి పీల్చుకుని’ మొదలుపెడతానంటే కుదరదు. ఈ ఎనిమిది నెలల్లోనే పరీక్షకు తయారవ్వాలి. ఆ కంపెనీల పరీక్షలు మన బ్యాంకు పరీక్షల్లాంటివే. గడియారం పెట్టుకుని లెక్కలు, పట్టికలు, ఇంగ్లీషు పేరాలు చేయాలి. తెలివికన్నా వేగం కావాలి. రోజుకు గంట చొప్పున మూడు నెలలు చేసినవాళ్ళు గట్టెక్కుతారు, ముందురోజు రాత్రి కూర్చున్నవాళ్ళు గట్టెక్కరు.

లాగోస్‌లో పరీక్ష పడితే రైలుంది. 2021లో మొదలైన లాగోస్–ఇబాదాన్ రైలు అబెయోకుటాలో ఆగుతుంది. ఆ స్టేషన్‌కు వోలే షోయింకా పేరు పెట్టారు, ఆయన పుట్టింది ఆ ఊళ్ళోనే. ఎక్స్‌ప్రెస్‌వే మీద ఎవరి కారులోనో లిఫ్ట్ అడిగి ఎక్కడంకన్నా అది క్షేమం.

పరీక్ష తర్వాత ఇంటర్వ్యూలో ‘సర్వీసులో ఏం చేశావు’ అని అడుగుతారు. ‘పిల్లలకు ఎకనామిక్స్ చెప్పాను’ అంటే విని తలాడిస్తారు, అంతే. ఆ స్కూల్లో ఫీజుల పద్దులు చూసే బర్సర్ ఒకరు ఉంటారు. ఆయన దగ్గర సాయంత్రాలు కూర్చుని టర్ము ఫీజుల పద్దు, బ్యాంకు స్టేట్‌మెంటు ఎక్సెల్‌లో సరిచూసి పెట్టమనండి. ఎవరూ కాదనరు, జీతం ఇవ్వక్కర్లేని సహాయం కదా! అబెయోకుటాలో ఇటోకు సంత ఉంది, నీలిమందు అద్దకం బట్టలకు పేరు. ఆ బట్టల్ని ‘అదిరే’ అంటారు. మన ‘అదిరింది’తో దానికి చుట్టరికం లేదు గానీ, గుడ్డలు మాత్రం నిజంగానే అదిరిపోతాయి. అక్కడి వ్యాపారస్తుల్లో ఎక్కువమంది ఆడవాళ్ళు. లక్షల్లో బేరాలు చేస్తారు, లెక్క నోటుపుస్తకంలోనో నోట్లోనో ఉంటుంది. నెలకు ఇంతని మాట్లాడుకుని ఇద్దరు ముగ్గురికి పద్దులు రాసిపెడితే అలవీకి చిన్న తోడు దొరుకుతుంది. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఒక కథా దొరుకుతుంది.

ఇక్కడే అకౌంటింగ్ పిల్లలకు ఒక అదృష్టం కలిసొచ్చింది. నైజీరియా పన్ను చట్టాలను మొత్తంగా తిరగరాసి 2025 జూన్‌లో సంతకం చేశారు, 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఏడాదికి 8 లక్షల నైరాల దాకా వ్యక్తిగత ఆదాయానికి పన్ను లేదు. 10 కోట్ల నైరాల టర్నోవర్ లోపు చిన్న కంపెనీలకు కంపెనీ పన్ను లేదు. వ్యాట్ మాత్రం పాత 7.5 శాతమే. ఇరవయ్యేళ్ళ అనుభవమున్న అకౌంటెంటూ, నిన్న పాసయిన అమ్మాయీ ఈ చట్టం ముందు ఒకే బెంచీ మీద కూర్చున్నారు. ఆ కొత్త చట్టం శ్రద్ధగా చదివి ‘ఈ సంత వ్యాపారికి ఏం మారింది’ అని ఒక పేజీలో రాయగలిగితే, చిన్న ఆడిట్ ఆఫీసు ఆమెను ఇంటర్న్‌గా చూడదు. పక్కనే ఐకాన్ పరీక్షలు, అంటే అక్కడి చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థవి, మే, నవంబరు నెలల్లో జరుగుతాయి. అకౌంటింగ్ డిగ్రీకి కొన్ని పేపర్ల మినహాయింపు దొరుకుతుంది. ఫీజు కూడబెట్టుకుని ఒక దశయినా రాయమనండి. రెజ్యూమెలో ఆ ఒక్క వరుస చూసి ఫైలు పక్కన పెట్టుకున్న సందర్భాలు నాకే ఉన్నాయి.

విదేశీ రిమోట్ ఇంటర్న్‌షిప్‌ల మీద పిల్లలకున్న మోజు నాకు అర్థమవుతుంది. 2023 జూన్‌లో నైరా మారకం విలువను మార్కెట్‌కు వదిలేశాక డాలర్ విలువ మూడింతలైంది. ఉదాహరణకు అవుట్రీచీ అని ఉంది. ఓపెన్ సోర్స్, అంటే ఎవరైనా వాడుకుని మార్చుకోగల సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో మూడు నెలలు ఇంటి నుంచే పని, 7,000 డాలర్ల భత్యం. డాలర్‌కు 1,500 నైరాల లెక్కన కోటీ అయిదు లక్షల నైరాలు. పదకొండేళ్ళ అలవీ! నైజీరియా పిల్లలు చాలామందే చేశారు కూడా. కానీ అది అకౌంటింగ్‌కు కాదు, కోడింగ్, డాక్యుమెంటేషన్, డిజైన్ లాంటి పనులకు. ఎంపికకు ముందు కొన్ని వారాలు ఆ ప్రాజెక్టుకు ఊరికే పనిచేసి చూపించాలి. కరెంటు పోయినప్పుడు జనరేటరుకు పెట్రోలు, డేటా ఖర్చు చేతినుంచే. ఇది తమ్ముడి దారి, అతన్ని వదలొద్దనండి. అమ్మాయికి కాదు. ఐక్యరాజ్యసమితి పేరు విని కూడా మోజుపడతారు. న్యూయార్క్ సెక్రటేరియట్ ఇంటర్న్‌షిప్‌కు జీతం లేదు, టికెట్టూ అద్దె మనమే పెట్టుకోవాలి.

సర్వీసు అయ్యేసరికి ట్రెయినీ పిలుపులేవీ రాకపోతే, నైజీరియా జూబిలీ ఫెలోస్ ప్రోగ్రాం అని ఒకటుంది. 2021లో ప్రభుత్వం, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి విభాగం యూఎన్‌డీపీ కలిసి పెట్టాయి. సర్వీసు పూర్తయిన పిల్లల్ని ఏడాదిపాటు భత్యంతో కంపెనీల్లో పెడతారు. పిలిచినప్పుడు దరఖాస్తు పెట్టమనండి, అది ఉచితమే.

చివరగా, మీ సంగతి. అక్కడ ‘లాంగ్ లెగ్’ అంటారు పలుకుబడిని. మన దగ్గర పని కావాలంటే కాళ్ళు పట్టుకుంటారు, అక్కడ మనవాడి కాలు పొడుగై ఉండాలి. సిఫార్సు చేయాలంటే మీకు ఇబ్బందిగా ఉన్నట్టుంది, మీ ఉత్తరం నిండా అదే కనబడింది. మీరు చేయవలసింది సిఫార్సు కాదు. మీరు అక్కడ ఉన్నది ఎక్స్‌పేట్రియేట్ కోటా మీద, అంటే విదేశీయుల్ని పనిలో పెట్టుకోవడానికి కంపెనీకిచ్చే అనుమతి మీద. ఆ కోటా ఇచ్చేటప్పుడు ప్రభుత్వం పెట్టే షరతు ఏమిటంటే, ఒక్కో విదేశీయుడి పక్కన పని నేర్చుకునే నైజీరియన్లను పెట్టాలి. మీ ఫైనాన్స్ మేనేజరు కూడా మనవాడే అయి ఉంటాడు, చాలా ఫ్యాక్టరీల్లో అంతే. ఆయన కింద ఆ చోటు కాగితం మీద మాత్రమే ఉందా, మనిషి ఉన్నాడా అని మీ హెచ్ఆర్‌ను అడగండి. ఖాళీ ఉంటే అందరితోపాటు ఆమెనూ పరీక్షకు పిలవమనండి. మీ కంపెనీకి ఓటాలోనో అగ్బారాలోనో గిడ్డంగి ఉంటే, కార్పర్ కావాలన్న ఉత్తరం అక్కణ్ణుంచి ఇప్పించగలరేమో చూడండి. తండ్రి అదే కంపెనీలో ఉన్నాడు కాబట్టి ఆ మాట ముందే చెప్పేయండి, తర్వాత ఎవరో తవ్వి తీయకుండా.

పెద్దాయనకు రేపు గేటు దగ్గర ఏం చెప్పాలంటారా? అమ్మాయి వాయెక్ రిజల్టు కాపీ ఒకటి తెచ్చివ్వమనండి. అది చూశాకే ఎటు వెళ్ళాలో తేలుతుంది.